'ఏసీ క్యాంపస్' అని బోర్డు పెట్టే ముందు మీ స్లాబు వేడి కొలవండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎండాకాలం వచ్చిందంటే మన నల్లగొండలో ఏ గోడ చూసినా, ఏ ఆటో వెనక చూసినా కాలేజీ అడ్మిషన్ల పోస్టర్లే. ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోల కింద పెద్ద పెద్ద అక్షరాలతో 'ఏసీ క్లాసులు', 'ఏసీ హాస్టల్' అని రాస్తున్నారు. పాలమూరు వైపు వెళ్లినా ఇదే వరస. పిల్లలకు చల్లదనం వద్దని నేను అనడం లేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే జిల్లాలో, పరీక్షలకు చదివే పిల్లాడు చెమటలో తడిసి రాత్రంతా నిద్ర లేకుండా కూర్చోవాలని ఎవరూ కోరుకోరు. కానీ ఏసీ కొనే ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, కొన్న తర్వాత చేయాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి, ఆ రెండూ మన క్యాంపస్‌లలో దాదాపు ఎక్కడా జరగడం లేదు.

నేను ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఏసీ ట్రేడ్ పిల్లలకు పాఠం చెప్తాను. అంతకు ముందు చాలా ఏళ్లు ఏసీ మెకానిక్‌గా పనిచేశాను. అందుకే ఈ విషయం నాకు పేపర్లో చదివినది కాదు, చేతులతో చూసినది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కాలేజీ భవనాలను చల్లబరచడానికీ, హాస్టళ్లలో నీళ్లు కాచడానికీ మనం గాల్లోకి వదులుతున్న కర్బనాన్ని తగ్గించే పనిని ఆ కాలేజీలో చదివే పిల్లలకే పాఠంగా పెట్టాలి. ఉపన్యాసంగానో, ఒకరోజు ర్యాలీగానో కాదు, మార్కులుండే ప్రాక్టికల్‌గా పెట్టాలి.

ముందు కర్బనం ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. దేశం మొత్తం మీద లెక్క వేస్తే మనం వాడే ఒక్కో యూనిట్ కరెంటుకు దాదాపు 0.7 కిలో కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. ఇది మనకు దూరపు సంగతి కాదు. మన జిల్లాలోనే, దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం 4,000 మెగావాట్లతో యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టారు. అక్కడ మండేది బొగ్గే. హాస్టల్లో రాత్రి పదకొండుకు ఏసీ రిమోట్ నొక్కినప్పుడు సూర్యుడు ఉండడు, ఆ కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచే రావాలి. మేడ మీద సోలార్ పలకలు పెట్టి 'గ్రీన్ క్యాంపస్' అని బోర్డు తగిలించే మేనేజ్‌మెంట్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు. ఒక కిలోవాట్ సోలార్ రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది, మంచిదే, తప్పకుండా పెట్టాలి. కానీ అది ఇచ్చేది పగలు, హాస్టల్ ఏసీ తాగేది రాత్రి. పగటి క్లాసురూములకు సోలార్ బాగా సరిపోతుంది, రాత్రి హాస్టల్‌కు మాత్రం అసలు వేడే తక్కువ చేరేలా చూడటం తప్ప చౌకైన దారి లేదు.

ఈ వేడి లోపలికి ఎలా చేరుతుందో చాలామందికి తెలియదు, ఇంజినీరింగ్ చదివే పిల్లలకు కూడా. మే నెల మధ్యాహ్నం మన డాబా స్లాబు పైన 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఐదారు అంగుళాల కాంక్రీటు ఆ వేడిని పగలంతా పీల్చుకుంటుంది, కింది గదిలోకి దిగడానికి దానికి గంటలు పడుతుంది. అందుకే హాస్టల్లో పై అంతస్తు గది మధ్యాహ్నం రెండింటి కన్నా రాత్రి తొమ్మిదింటికే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. బయట గాలి కాస్త చల్లబడుతుంటే, లోపల పైకప్పు నుంచి వేడి దిగుతుంటుంది. మంచం మీద పడుకుని చెయ్యి పైకి చాస్తే తెలిసిపోతుంది. ఫ్యాన్ వేస్తే స్లాబు పక్కనున్న వేడి గాలినే మళ్లీ ఒంటి మీదికి తోస్తుంది. పిల్లలు గచ్చు మీద నీళ్లు పోసుకుని, దుప్పటి తడిపి పడుకునేది ఇందుకే. ఆ గదిలో రెండు టన్నుల ఏసీ పెట్టినా అది సగం రాత్రి స్లాబుతోనే కొట్లాడుతుంది.

మరి స్లాబు మీద తెల్ల సున్నమో, వేడిని తిప్పికొట్టే తెల్ల పెయింటో వేస్తే గదిలో వేడి 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గుతుందని చెప్తారు. మన రాష్ట్రం 2023 ఏప్రిల్‌లోనే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, ప్రభుత్వ భవనాలకు తప్పనిసరి అని అందులో రాసింది కూడా. ఇప్పుడు మీరు ఏ డిగ్రీ కాలేజీ మేడ మీదికైనా ఎక్కి చూడండి, పాచిపట్టి నల్లబడ్డ గచ్చు, విరిగిన బెంచీలు, పాత నీళ్ల ట్యాంకులు కనిపిస్తాయి. ఆ నలుపు ఎండను ఇంకా ఎక్కువ పీలుస్తుంది. ఏసీలకు లక్షల్లో ఎస్టిమేట్ వేసే వాళ్లు సున్నానికి వేలల్లో ఎందుకు వేయరో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. మన పాలమూరు పల్లెల్లో పాత మట్టి మిద్దెల కింద నిలబడితే మధ్యాహ్నం కూడా ప్రాణం లేచొస్తుంది. ఆ పెద్దలు లెక్కలు వేయలేదు గానీ మట్టి మందం, గోడ మందం, చిన్న కిటికీ ఎందుకో వాళ్లకు తెలుసు. ఇప్పుడు పడమర వైపు మొత్తం అద్దాలు పెట్టి, దానికి ఎలివేషన్ అని పేరు పెట్టి, లోపల ఏసీ పెంచుకుంటూ పోతున్నాం.

విదేశాల సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే ఈ మధ్య మన పిల్లలు సెమినార్ పేపర్లలో అక్కడి యూనివర్సిటీల పేర్లే రాస్తున్నారు. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని బాల్ స్టేట్ యూనివర్సిటీ బొగ్గు బాయిలర్లను పక్కన పెట్టడానికి 2009లో పని మొదలుపెట్టి దాదాపు 3,600 బోర్లు వేసింది. నీళ్లు తోడటానికి కాదు. ఆ బోర్లలో పైపులు దించి, వాటిలో నీళ్లు తిప్పి, ఎండాకాలం భవనాల వేడిని భూమిలో దాచి, చలికాలం దాన్నే హీట్ పంపులతో, అంటే ఒక చోటి వేడిని లాగి ఇంకో చోటికి తోసే యంత్రాలతో, పైకి తీసుకుంటారు. స్టాన్‌ఫర్డ్ 2015లో గ్యాస్‌తో నడిచే పాత ప్లాంటును మూసి, ఆవిరి పైపులు తీసి వేడినీళ్ల పైపులు వేసింది. భవనాలను చల్లబరిచేటప్పుడు బయటికొచ్చే వేడిని గాల్లోకి వదిలేయకుండా, అదే వేడితో ఇంకో భవనానికి కావాల్సిన నీళ్లు కాస్తుంది. చల్లనీళ్లకూ వేడినీళ్లకూ పెద్ద పెద్ద ట్యాంకులు కట్టింది, కరెంటు చౌకగా, శుభ్రంగా దొరికే వేళలోనే నింపిపెట్టుకుంటుంది.

ఇవి గొప్ప పనులే. కానీ వాటిని ఉన్నదున్నట్టు తెచ్చి నల్లగొండలో పెడదామంటే కుదరదు. భూమిలో కొన్ని మీటర్ల లోతున ఉండే వేడి ఆ ఊరి ఏడాది సగటు వేడికి దగ్గరగా ఉంటుంది. ఇండియానా వాళ్లకు అది పది పన్నెండు డిగ్రీలైతే మనకు 27, 28. భూమిలోకి వేడి పంపడం మనకు వాళ్లంత లాభం కాదు, పైగా మన రాయిలో బోరు వేసే ఖర్చు రైతును అడిగితే చెప్తాడు. వాళ్ల అసలు బాధ మంచు, మన అసలు బాధ ఎండ. గదులు వెచ్చబెట్టే అవసరమే మనకు లేదు. మనకు 'హీటింగ్' అంటే హాస్టల్ స్నానాల నీళ్లు, మెస్‌లో వంట, గిన్నెలు కడిగే నీళ్లు. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది బోర్ల సంఖ్య కాదు, ఒక చోట తీసేసిన వేడి ఇంకో చోట పనికొస్తుందనే ఆలోచన.

ఈ వేడినీళ్ల లెక్క ఒకటి వేసి చూపిస్తాను. మూడు వందల మంది హాస్టల్, డిసెంబర్ నెల, తలా ఒక బకెట్, అంటే 15 లీటర్లు. మొత్తం 4,500 లీటర్లు. ఆ నీళ్లను 20 డిగ్రీలు పెంచాలి. మామూలు గీజర్లతో చేస్తే దాదాపు 105 యూనిట్లు అవుతుంది, రోజుకు. అదే హీట్ పంప్ పెడితే, బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లలోకి తోస్తుంది కాబట్టి, మూడో వంతు కరెంటు చాలు, 35 యూనిట్లలో అయిపోతుంది. నిజానికి అది మన ఫ్రిజ్ చేసే పనే, మనం వాడుకునేది దాని వెనకవైపు వేడిని. మేడ మీద సోలార్ వాటర్ హీటర్ ఉంటే మబ్బులేని రోజు ఆ 35 కూడా అక్కర్లేదు. ఇంకా చాలా హాస్టళ్లలో పెద్ద కాగుల్లో కట్టెలతో నీళ్లు కాస్తున్నారు, ఆ పొగ మింగేది పొద్దున నాలుగింటికి లేచే ఆయమ్మలు. కర్బనం పేరు ఎత్తకపోయినా ఆ పని మార్చాలి.

అయితే ఇక్కడ మన నీళ్ల సంగతి మర్చిపోకూడదు. బోరు నీళ్లలోని ఉప్పు గీజర్ రాడ్ మీద తెల్లటి పెచ్చులా కడుతుంది. చాకుతో గీకితే పలకలు పలకలుగా ఊడుతుంది. అంత మందం పెచ్చు దాటి వేడి నీళ్లలోకి దిగాలంటే రాడ్ ఎక్కువ వేడెక్కాలి, చివరికి కాలిపోతుంది. సోలార్ హీటర్ గొట్టాలకూ ఇదే గతి, రెండేళ్లకు 'సోలార్ పనిచేయట్లేదు సార్' అని వదిలేసి మళ్లీ గీజర్లు పెట్టిన హాస్టళ్లు నాకు తెలుసు. సోలార్ తప్పు కాదది. పెచ్చు తీసే మనిషి లేడు, తీయాలని చెప్పిన వాడూ లేడు. ఫ్లోరైడ్ నీళ్లను పటిక, సున్నంతో శుభ్రం చేసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టుకున్న జిల్లా మనది. మన నీళ్లకు తగ్గ పరికరం ఏదో, దాన్ని ఎన్నాళ్లకోసారి కడగాలో తేల్చడం మన కాలేజీ కెమిస్ట్రీ పిల్లలకు పెద్ద ప్రాజెక్టేమీ కాదు.

ఇప్పుడు నా ట్రేడ్‌కు సంబంధించిన మాట. దీని గురించి బయట ఎవరూ మాట్లాడరు, నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ ఇదే. ఏసీ వల్ల కర్బనమంటే అందరూ కరెంటు బిల్లే చూస్తారు. లోపల ఉన్న గ్యాస్‌ను చూడరు. పాత ఏసీల్లో ఆర్-22 అనే గ్యాస్ ఉంటుంది. ఒక కిలో గాల్లోకి పోతే దాదాపు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి, పైగా అది ఓజోన్ పొరను తింటుంది. తర్వాత వచ్చిన ఆర్-410ఏ ఓజోన్‌ను తినదు గానీ వేడి మాత్రం 2,000 రెట్ల పైమాటే. అంటే ఒక కిలో ఆర్-410ఏ గాల్లోకి వదిలితే దాదాపు మూడు వేల యూనిట్ల కరెంటు కాల్చినట్టు. ఇప్పుడొస్తున్న ఆర్-32 అందులో మూడో వంతు, 675. ఆర్-290 అంటే ప్రొపేన్, మన వంట గ్యాస్‌లో ఉండేదే, దానికి ఈ లెక్క మూడు దగ్గరే ఉంటుంది.

మరి పనిమంతులు చేస్తున్నదేంటి? పాత ఏసీని ఒక గది నుంచి ఇంకో గదికి మార్చాలి. ఔట్‌డోర్ దగ్గర స్పానర్‌తో నట్టు వదులు చేస్తారు, 'సుయ్'మని తెల్లటి పొగలా గ్యాస్ పోతుంది, రాగి పైపు చివర మంచు పడుతుంది, ఓ నిమిషంలో అంతా ఖాళీ. గ్యాస్‌ను ఔట్‌డోర్‌లోకే లాగి వాల్వులు మూసేయడం పది నిమిషాల పని, దాన్ని పంప్ డౌన్ అంటాం. కంప్రెసర్ పాడైతే రికవరీ మెషీన్‌తో సిలిండర్‌లోకి లాగాలి. ఆ మెషీన్ మన జిల్లా షాపుల్లో ఎంతమంది దగ్గర ఉంది? మెకానిక్‌ను తిట్టి లాభం లేదు, పని ఒక్కింటికి ఇంత అని మాట్లాడుకుని ఎండలో నిచ్చెన మీద నిలబడే మనిషికి రికవరీ చేసినందుకు రూపాయి ఎక్కువ ఇచ్చే కాలేజీ ఏదీ లేదు. టెండర్‌లో ఆ మాటే ఉండదు. ఏటా ఎండాకాలం 'గ్యాస్ పోయింది, పట్టించండి' అంటారు. గ్యాస్ ఖర్చయిపోయేది కాదు, లీకైతేనే పోతుంది. లీకు ఎక్కడో వెతకకుండా ఏడాదికోసారి నింపుతూ పోతే అది గాల్లోకి నింపడమే.

ఇలాంటి గ్యాస్‌ల వాడకం తగ్గించాలనే అంతర్జాతీయ కిగాలి ఒప్పందానికి మన దేశం 2021లో ఒప్పుకుంది. 2032 నుంచి ఆర్-410ఏ, ఆర్-32 లాంటి హెచ్‌ఎఫ్‌సీ గ్యాస్‌లను దశలవారీగా తగ్గించి 2047 కల్లా 85 శాతం తగ్గించాలి. అంటే ఇప్పుడు నా క్లాసులో కూర్చున్న పిల్లలు పనిచేసే కాలమంతా ఈ మార్పులోనే గడుస్తుంది. కొత్తగా వచ్చే గ్యాస్‌లు కొన్ని మండేవి. ఆర్-32 కొద్దిగా మండుతుంది, ప్రొపేన్ బాగా మండుతుంది. వాటిని ఎలా పట్టుకోవాలో, లీకు ఎలా చూడాలో, వెల్డింగ్‌కు ముందు ఏం చేయాలో నేర్పకుండా వదిలితే ప్రాణాలకే ప్రమాదం. ప్రభుత్వం 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలుపెట్టింది, రోబోలు, ఎలక్ట్రిక్ బండ్లు నేర్పుతామంది. సంతోషం. వాటి పక్కనే ప్రతి జిల్లాలో రెండు రికవరీ మెషీన్లు, రెండు వ్యాక్యూమ్ పంపులు, ఒక హీట్ పంప్ కూడా పెట్టించండి. రేపు పని ఉండేది అక్కడే ఎక్కువ.

నేర్చుకోవడం ఎలా ఉండాలో చెప్పడానికి ఒక మంచి ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. పోచారంలోని ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో ఒకే భవనాన్ని రెండు సగాలు చేశారు. ఒక సగానికి మామూలు ఏసీ, ఇంకో సగానికి స్లాబులోనే పైపులు వేసి చల్లటి నీళ్లు తిప్పే పద్ధతి. రెండింటికీ మీటర్లు వేరు. రెండో సగం దాదాపు మూడో వంతు తక్కువ కరెంటుతో నడిచింది. నాకు నచ్చింది ఆ పద్ధతి కన్నా, పక్కపక్కన పెట్టి కొలవడం. అంత ఖర్చు మన కాలేజీలు పెట్టలేవు, అక్కర్లేదు కూడా. పై అంతస్తులో ఒకే దిక్కున ఉన్న రెండు గదులు తీసుకోండి, ఒకదాని మీద సున్నం కొట్టండి, ఇంకోదాన్ని అలాగే వదిలేయండి, రెండింట్లో గోడకో థర్మామీటర్, గంటకోసారి రాసేది పిల్లలు. నెల తిరిగేసరికి ప్రిన్సిపాల్ గారికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వాల్సిన పనుండదు, ఆ నోట్‌బుక్ చూపిస్తే చాలు.

ఫ్యాన్లది అంతకన్నా తేలిక. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, కరెంటు తక్కువ తాగే మోటారుతో వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు. రెండు వందల ఫ్యాన్ల హాస్టల్లో రోజుకు పన్నెండు గంటలు తిరిగితే మిగిలేది 108 యూనిట్లు, రోజూ. ఏసీ ఉన్న చోట 24 డిగ్రీలకు పైన పెట్టి ఫ్యాన్ తిప్పుకుంటే హాయిగానే ఉంటుంది, ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెప్తోంది. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగా ఉంటుంది, క్లాసురూములకు, మెస్ హాల్‌కు పెద్ద డక్ట్ కూలర్లు చక్కగా పనిచేస్తాయి, ఏసీ తాగే కరెంటులో కొంత భాగంతోనే. జూన్‌లో వానలు పడ్డాక అవి పనిచేయవు, నిజమే, అప్పటికి ఎండా తగ్గుతుంది.

ఇదంతా చెప్తే మేనేజ్‌మెంట్ వాళ్లు ఒక మాట అంటారు, 'పిల్లల తల్లిదండ్రులు ఏసీ ఉందా అని అడుగుతారు, సున్నం కొట్టారా అని అడగరు' అని. తల్లిదండ్రులకు నా విన్నపం, ఇకనుంచి అడగండి. అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు పై అంతస్తు గది చూపించమనండి, వీలైతే సాయంత్రం పూట చూడండి. ఏసీలున్నా కరెంటు పోతే జనరేటర్ మీద అవి నడుస్తాయా, నడవకపోతే ఆ గదిలో పిల్లాడు పడుకోగలడా అని అడగండి. ప్రభుత్వ కాలేజీల ప్రిన్సిపాళ్లు వేరే మాట అంటారు, చేతిలో నిధులు లేవని. అది నిజం. అందుకే ముందు డబ్బు అక్కర్లేని పని మొదలుపెట్టాలి, అది కొలవడం. ఏ బ్లాకులో ఎంత కరెంటు పోతోందో తెలియని కాలేజీ ఏ పరికరం కొన్నా గుడ్డిగా కొన్నట్టే. క్యాంపస్ మొత్తానికి ఒకటే మీటర్, ఒకటే బిల్లు, హాస్టల్‌దెంత, ల్యాబ్‌దెంత, మెస్‌దెంత ఎవరికీ తెలియదు. బ్లాకుకో సబ్ మీటర్ పెట్టడం పెద్ద ఖర్చు కాదు.

మహాత్మా గాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ ఈ పని ముందు తీసుకోవాలని నా కోరిక. రెండూ 2007, 2008లో పుట్టిన యూనివర్సిటీలు, ఇంకా భవనాలు కడుతూనే ఉంటాయి. కట్టేటప్పుడే పడమర గోడకు నీడ, స్లాబు మీద ఇన్సులేషన్, హాస్టల్‌కు హీట్ పంప్ రాసుకుంటే తర్వాత పగలగొట్టే బాధ ఉండదు. డిగ్రీ ఫిజిక్స్ పిల్లలు కొలవాలి, కామర్స్ పిల్లలు ఎన్నేళ్లలో డబ్బు తిరిగొస్తుందో లెక్క వేయాలి, పాలిటెక్నిక్ పిల్లలు డ్రాయింగ్ గీయాలి, మా ఐటీఐ పిల్లలు నిచ్చెన ఎక్కి పని చేయాలి. ఈ నలుగురినీ ఒకే మేడ మీద నిలబెట్టే ఏర్పాటు ఇప్పటిదాకా మన జిల్లాలో నేను చూడలేదు. ఇంజినీరింగ్ పిల్లాడికి ఒక టన్ను ఏసీ అంటే మూడున్నర కిలోవాట్ల వేడి తీసేదని పరీక్షలో రాయడం వచ్చు, తను కూర్చున్న గదికి ఎన్ని టన్నులు కావాలో అడిగితే చెప్పలేడు. మా పిల్లాడు గది చూసి చెప్పేస్తాడు, ఎందుకో లెక్క చూపించలేడు. ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని ఉంది.

ఇంటర్ బోర్డు, ఉన్నత విద్యామండలి, ఉపాధి శిక్షణ శాఖ పెద్దలు ఈ ఉత్తరం చదివితే రెండు పనులు చేయమని అడుగుతున్నాను. క్యాంపస్ ఏసీ సర్వీసింగ్ టెండర్లలో గ్యాస్ రికవరీకి వేరే రేటు రాయండి, గ్యాస్ ఎంత నింపారో, ఎంత వెనక్కి తీశారో రిజిస్టర్ పెట్టించండి. వచ్చే ఫిబ్రవరి లోపు ప్రతి ప్రభుత్వ హాస్టల్ పై అంతస్తులో రెండు గదులు ఎంచి కొలత మొదలుపెట్టించండి, ఎండలు ముదిరాక మొదలుపెడితే ఆ ఏడాది పోయినట్టే. నల్లగొండ చుట్టుపక్కల ఏ కాలేజీ పిలిచినా మా పిల్లలను తీసుకుని గేజులు, థర్మామీటర్లు పట్టుకుని వస్తాను. ప్రిన్సిపాల్ గారి నుంచి మా ఐటీఐకి ఒక లెటర్, మేడ తాళంచెవి ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్,
నల్లగొండ